కవరులో ఏముందో చెప్పండి

మరకల మాస్టారికి మనుషుల మీద నమ్మకం తక్కువ, మరకల మీద నమ్మకం ఎక్కువ. ఆయన తప్పు కాదు, వృత్తి అలాంటిది. "ఎలా అంటుకుందో తెలీదండీ" అంటూ జనం తెచ్చిచ్చే కోటు మీద ఆ తెలియనిదేదో తేల్చడమే ఆయన పని. కారు బాగుచేస్తుంటే అంటిన నూనె అని ఒకాయన అంటాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటే సెంటు! పిల్లాడు ఒలకబోసిన పాలు అని ఒకావిడ అంటుంది. గోకి చూస్తే గోడ సున్నం! అందుకే డ్రైక్లీనింగ్ కొట్టు తెరిచిన నాటినుంచీ ఎవరేం చెప్పినా, ముందు ఎడమకన్ను మూసి కుడికంటితో వాళ్లని ఒకసారి చూసి, ఆ తర్వాతే చెవి అప్పగిస్తాడు.

"రోజూ కోట్లు నా చేతుల మీదుగా పోతుంటాయి. ఒక్కటీ నాది కాదు," అని వచ్చినవాళ్లందరితో అంటాడు.

ఈ ముక్కకి కౌంటరమ్మ ఎన్నిసార్లు నవ్విందో ఎవరికీ గుర్తులేదు. ఎప్పుడు మానేసిందో ఆవిడకి బాగా గుర్తుంది. కౌంటరమ్మ ఆయన భార్య. కొట్టు ముందుభాగం ఆవిడది. బట్టలు తీసుకోవడం, ట్యాగులు కుట్టడం, ఫోన్లెత్తడం, మొగుడి జోకులకి మొహం తిప్పుకోవడం, అన్నీ ఆవిడ శాఖలే. మధ్యలో ముసలావిడ ఉంటుంది. కంగారు పడకండి, అది మెషీను. దగ్గుతుంది, కారుతుంది, ఒక్కోసారి పనిచేస్తుంది. ఆ వెనక, వేలాడే బట్టల తెర దాటితే ఇస్త్రీ గది. అందులో ఆవిరి.

ఆవిరి అంటే ఆవిరి కాదు. ఆవిరి ఇస్త్రీ చేసే మనిషి. నలభై దాటినవాడు, మాట పొదుపు. లోపల ఉన్నాడో లేడో బుస్సుమనే చప్పుడుని బట్టి తెలుసుకోవాలి. ఇస్త్రీ గదిలోకి ఫోను తేకూడదని మాస్టారి ఆజ్ఞ. వెనకటికి పనిలో ఉన్న ఒకడు ఫోను మాట్లాడుతూ మాట్లాడుతూ కోటుతోపాటు దాన్నీ ఇస్త్రీ చేసేశాడు. అందుకని ఆవిరి తన ఫోను ఇంట్లో పడేసి వస్తాడు. ఎవరికైనా నంబరు ఇవ్వాల్సొస్తే కౌంటరు నంబరే ఇస్తాడు.

ఇక ఆ కొట్టుకి ఒక పద్ధతుంది. కౌంటరు వెనక గోడకి చెక్క అర. జేబుల్లో దొరికినవన్నీ ఆవిరి చిన్న కాగితపు కవర్లలో వేసి, మూతి అంటించి, పైన బట్ట ట్యాగు నంబరు రాసి అందులో పెడతాడు. తాళంచెవులు, ఉంగరాలు, సినిమా టిక్కెట్లు, ఒకసారి కట్టుడు పన్ను. సొంతదారు వచ్చి చెయ్యి చాపితే ఇచ్చేయరు. లోపల ఏముందో చెప్పాలి. చెప్తే కవరు, లేకపోతే నమస్కారం. ఆ లోపు దాన్ని ఎవరూ విప్పకూడదు, కౌంటరమ్మ అయినా సరే.

ఆ అరలో ఒక మూల చాలాకాలంగా ఒక కవరు పడి ఉంది. దానిమీద నంబరు లేదు, "ఇం" అని రాసుంది. ఇంటి బట్టలని అర్థం. "ఇది మీ జేబులోదా?" అని కౌంటరమ్మ ఒకసారి అడిగితే, "ఎవరిదో పొరపాటున కలిసిపోయుంటుంది, ఉండనీ," అన్నాడు మాస్టారు. ఉండనిచ్చింది.

ఆ మధ్యాహ్నం కౌంటరమ్మ తమ్ముడు వచ్చాడు. వస్తూనే కోటు విప్పి హ్యాంగరుకి తగిలించి, "బావా, ఊరికే ఒకసారి ఆవిరి చేత పట్టించు," అన్నాడు. ఊరికే అంటే ఉచితంగా అని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కోటు ఇస్త్రీ గదిలోకి వెళ్లింది.

వాడు రాక రాక వచ్చింది మెషీను పని మీద. ముసలావిడ కారుడు ఎక్కువై బట్టల్లో ఉతికే మందు వాసన ఉండిపోతోంది. కొట్టు పనిలో సగం ఒక హోటలు యూనిఫారాలే. ఆ హోటలు మేనేజరు ముక్కు ఎగబీల్చి, "ఈ నెల చూస్తాం, ఆ పైన వేరే కొట్టు చూసుకుంటాం," అని చెప్పి వెళ్లాడు. హోటలు పోతే కొట్టు లేదు. కొత్త మెషీను రావాలంటే అప్పు కావాలి. అప్పిచ్చే కంపెనీవాళ్లు, అన్ని బ్యాంకు ఖాతాల వివరాలూ చూశాకే మాట్లాడతామన్నారు. ఆ వివరాలు వాళ్లకి చూపించడానికి మన అంగీకారం తీసుకునే ఫోను తెర ఒకటుంది. దాన్ని తయారుచేసింది సాక్షాత్తూ బావమరిదే!

"ఇదివరకు ఏడు తెరలు బావా. ఏడుసార్లు చదవాలి, ఏడుసార్లు సరే అనాలి. జనం మూడోదానికే విసుగెత్తి పారిపోయేవాళ్లు. నేను అన్నీ కలిపి పిండేశా. ఒకే తెర, ఒకే బొత్తాం. ఆఫీసులో నన్ను బొత్తాం అనే పిలుస్తున్నారు తెలుసా? అదిగో చూడు, 'అంగీకారం'."

"అంగీ మీద కారం పడితే దాన్ని మేం అంగీకారం అంటాం. ఒక పట్టాన వదలదు."

"బావా, కాస్త సీరియస్‌గా..."

"సీరియస్‌గానే అడుగుతున్నా. ఏడు బొత్తాల చొక్కాకి ఒక్క బొత్తాం పెట్టి, పైన గాలి కింద గాలి ఆడనిస్తే దాన్ని సులువు అంటార్రా?"

"అబ్బబ్బ, మీరిద్దరూ తర్వాత కొట్టుకోండి," అంది కౌంటరమ్మ ట్యాగు కుడుతూ. "ఏం చెయ్యాలో చెప్పు తమ్ముడూ."

"ఏమీ చెయ్యక్కర్లేదక్కా. నీ నంబరు కొడితే చాలు. ఆ నంబరు ఏయే బ్యాంకుల్లో ఏయే ఖాతాలకి ఇచ్చుందో అదే వెతుక్కుంటుంది."

కౌంటరు ఫోను మాస్టారి చేతిలో ఉంది. తెరమీద చిన్న చక్రం తిరిగింది. ఆగింది. వరసగా ఖాతాలు వచ్చాయి. బ్యాంకు పేరు, ఏ శాఖ, చివరి అంకెలు, పక్కన పచ్చటి టిక్కు.

మాస్టారు ఎడమకన్ను మూశాడు.

"మనకి ఎన్ని ఖాతాలే?"

"మూడు. కొట్టుదొకటి, నాదొకటి, ఇద్దరిదీ ఒకటి."

"ఇక్కడ నాలుగున్నాయి."

సూది ఆగింది. కౌంటరమ్మ లేచి వచ్చి తెర చూసింది. నాలుగో వరసలో "థియేటరు వీధి శాఖ" అని ఉంది. ఆవిడ మొహంలో ఏదో వచ్చి, వెంటనే వెళ్లిపోయింది. వచ్చింది మాస్టారికి కనపడింది. వెళ్లింది ఇంకా బాగా కనపడింది.

"తమ్ముడూ, ఆ నాలుగోదాని టిక్కు తీసెయ్."

"తీయడానికి వీల్లేదక్కా. తీసే వీలిస్తే జనం ఆలోచిస్తారు. ఆలోచిస్తే ఆగిపోతారు. అందుకే అన్నీ కట్టగట్టి పెట్టేశా."

"ఎవరి పేరుమీదుందో ఎందుకు లేదు?" అన్నాడు మాస్టారు.

"పేర్లు పెడితే తెర ఇరుకై రెండోది కావలసొచ్చింది. మన నంబరుతో ఉన్నవి మనవే కదా, మళ్లీ పేర్లెందుకని తీసేశా."

"ఒకే కాజా పెట్టి అందరివీ కాజేద్దామనా?"

"అది సరే, నొక్కకండి," అంది కౌంటరమ్మ.

"ఎందుకు నొక్కకూడదు?"

"నొక్కకండి అంటున్నానుగా."

"అదే, ఎందుకంటున్నావు?"

ఆవిడ మాట్లాడలేదు. అయ్యా, మొగుడికి అనుమానం వచ్చాక పెళ్లాం మాట్లాడకపోవడమంటే, మరక మీద వేడినీళ్లు పోయడమే. శాశ్వతంగా ఉండిపోతుంది. మరకల మాస్టారు మెషీను మాట మరిచిపోయాడు. హోటలూ, అప్పూ ఆవిరైపోయాయి. ఆ నాలుగో వరస వెనక ఏముందో చూడాలి, అంతే. సమ్మతిలో ఉండాల్సిన మతిని పక్కన పెట్టి బొత్తాం నొక్కేశాడు. అంకెల కోడు ఒకటి ఆ ఫోనుకే వచ్చింది. అదీ కొట్టేశాడు.

చక్రం తిరిగింది. నాలుగు ఖాతాల్లో ఉన్న సొమ్ములూ నాలుగు వరసల్లో పరిచినట్టు వచ్చాయి. కింద పచ్చరంగులో, "మీ అప్పు మంజూరుకి అర్హమైనది."

"చూశావా బావా!" అని బావమరిది చప్పట్లు కొట్టాడు. "ఎంత సులువో!"

మాస్టారు చూస్తున్నది అది కాదు. పై మూడు ఖాతాలూ కలిపినా నాలుగోదానికి మోకాలి దాకా రావడం లేదు.

"ఎప్పటినుంచి?" అన్నాడు.

"నాది కాదు," అంది కౌంటరమ్మ.

"నీ నంబరుకి ఉంది."

"నాది కాదన్నానా. ఎవరిదో చెప్పను, మాటిచ్చాను."

"మాటిచ్చావా? ఎవరికి? మగాడా, ఆడదా?"

"ఏమండీ, తమ్ముడున్నాడు."

"ఉండనీ! వాడి తెర పుణ్యమే ఇదంతా." మాస్టారు గోడకున్న అరవైపు వేలు చూపించాడు. "మన కొట్టు పద్ధతి తెలుసు కదా. చూడకుండా చెప్పు, ఆ నాలుగోదాన్లో ఎంతుంది?"

"నాకేం తెలుసు? ఆ బ్యాంకు మెసేజీ వస్తే ఫోను తిప్పి అవతల మనిషికి చూపిస్తాను. నేను చదవను."

అనుమానానికి పద్ధతి అడ్డొచ్చింది. లోపల ఏముందో తెలియనిది సొంతదారు కాదని ఆయనే పెట్టుకున్న రూలు. ఇప్పుడు అనుమానాన్ని పెళ్లాం మీదనుంచి దించి ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డాడు. ఫోను తిప్పితే కనపడే మనిషి. అంటే కౌంటరు దగ్గరకి వచ్చే మనిషి. రోజూ వచ్చే మనిషి.

మాస్టారు గొంతు పెంచి, గాలిలోకి అడిగినట్టు అడిగాడు.

"థియేటరు వీధి శాఖలో ఎవరికయ్యా ఖాతా?"

వెనక బుస్సుమంటున్న చప్పుడు ఆగిపోయింది. కొంతసేపటికి ఒక వాసన వచ్చింది. ఆ కొట్టులో ఇన్నేళ్లలో ఎప్పుడూ రాని వాసన. గుడ్డ కాలుతున్న వాసన!

"నా కోటు!" అని అరిచాడు బావమరిది.

బట్టల తెర తోసుకుని ఆవిరి బయటికొచ్చాడు. చేతిలో కోటు, కోటు వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు, పడవ ఆకారంలో. అతను కోటు వైపు చూడటం లేదు. మాస్టారి చేతిలోని ఫోను వైపు చూస్తున్నాడు.

"చూశారా మాస్టారూ?"

"ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పవయ్యా. నీదే అయితే అందులో ఎంతుంది?"

ఆవిరి చిల్లరతో సహా చెప్పాడు.

కొట్టు పద్ధతి ప్రకారం అక్కడితో అయిపోవాలి. కవరు ఇచ్చేసి నమస్కారం పెట్టేయాలి. కానీ మరకల మాస్టారి కుడికన్ను ఇంకా చిన్నదైంది.

"నేనిచ్చే జీతంలో అంత మిగలదు. నా లెక్క నాకు తెలీదా? మరి ఎక్కణ్ణించి వచ్చింది?" అని ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. "జేబులన్నీ నీ చేతిమీదుగానే పోతాయి కదా."

"ఏమండీ!" అంది కౌంటరమ్మ.

ఆవిరి కోటుని నెమ్మదిగా, కాలిన చోటు లోపలికి వచ్చేలా మడతపెట్టి కౌంటరు మీద ఉంచాడు.

"సెలవురోజున థియేటర్లో నాటకాలవాళ్ల దుస్తులు ఇస్త్రీ చేస్తాను. వాళ్లు డబ్బు ఆ వీధిలో బ్యాంకులోనే వేస్తారు. మీరు ఏటా నష్టం, నష్టం, జీతం పెంచలేను అంటుంటారు. రేపు మీరు మూసేస్తే నేనెక్కడికి పోవాలి? అందుకని దాచుకున్నా. మీకు తెలిస్తే 'నీకెందుకయ్యా పెంచడం, నీ దగ్గరే ఉందిగా' అంటారని అమ్మగారి దగ్గర మాట తీసుకున్నా. ఇది నా పాపం. ఇక అడగనా?"

"ఏం అడుగుతావు?"

"అడక్కుండా నాది చూశారు. అడిగి మీది చూస్తాను. నష్టం ఎంత నిజమో చూడాలి. చూపించకపోతే రేపటినుంచి ఆ గదికి వేరే మనిషిని చూసుకోండి."

ముసలావిడ మధ్యలో ఒకసారి దగ్గింది. కొత్త మెషీను వచ్చినా దాన్లోంచి వచ్చిన బట్టని మనిషి బట్టలా చేసేది ఆవిరే. ఆ హోటలు వాళ్లు ఇన్నాళ్లూ వాసన భరించింది కూడా అతని మడత చూసే. అది కౌంటరమ్మకి తెలుసు, మాస్టారికి ఇంకా బాగా తెలుసు.

"ముందు అతనిది వెనక్కి తీసుకో," అంది కౌంటరమ్మ తమ్ముడితో. "ఆ అప్పు కంపెనీవాళ్ల దగ్గర అతని లెక్క ఒక్క క్షణం ఉండకూడదు."

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "తీసుకోవచ్చక్కా. కాకపోతే... వెనక్కి తీసుకునే తెరలు మాత్రం నేనింకా సులువు చెయ్యలేదు. అవి ఏడూ అలాగే ఉన్నాయి."

"ఇవ్వడానికి ఒకటి, వెనక్కి తీసుకోవడానికి ఏడా?" మాస్టారికి ఆ పరిస్థితిలోనూ నోరు ఊరుకోలేదు. "వేసుకునేటప్పుడు ఒక బొత్తాం, విప్పేటప్పుడు ఏడు ముళ్లు! ఎవడ్రా నీకు కుట్టు నేర్పింది?"

ఏడు తెరలూ ఆవిరి పక్కన నిలబడి చూస్తుండగానే దాటారు. "మీరు నిజంగానే ఆపదలుచుకున్నారా?", "ఆపితే ఎన్ని సౌకర్యాలు కోల్పోతారో తెలుసా?" అని అడిగిన ప్రతిచోటా బావమరిది చెవులు ఎర్రబడుతూ వచ్చాయి, వాడు రాసిన మాటలే మరి. చివరికి నాలుగో వరస పోయింది. దాంతోపాటు కింది పచ్చరంగూ పోయింది. "అప్పుకి అర్హత లేదు."

కౌంటరమ్మ మిగిలిన మూడు వరసలూ ఆవిరి వైపు తిప్పింది. "నాదీ ఉంది ఇందులో. నాకు అభ్యంతరం లేదు, చూడు."

ఆవిరి చాలాసేపు చూశాడు. "నిజమేనమ్మా," అన్నాడు. "నష్టమే."

మాస్టారు ఊపిరి వదిలాడు. ఎడమకన్ను తెరిచి, రెండు కళ్లతోనూ గర్వంగా చూశాడు. "ఇన్నాళ్లూ నన్ను అనుమానించావన్నమాట. ఖాతాలు చూస్తే తప్ప యజమాని మాట ఖాతరు చెయ్యవా?"

"మీ నంబరుతో వెతికారా?"

"ఏమిటీ?"

"ఇవన్నీ కౌంటరు నంబరుతో వచ్చినవి. మాస్టారికి వేరే ఫోనుంది కదమ్మా."

కౌంటరమ్మ మొగుడి వైపు తిరిగింది. చిత్రం ఏమిటంటే, ఈసారి ఎడమకన్ను ఆవిడ మూసింది. ఇన్నేళ్ల కాపురంలో అంటుకున్న అలవాటు.

"నాకేముంది, పాత ఫోను, సరిగ్గా పనిచెయ్యదు," అన్నాడు మాస్టారు. ఎలా అంటుకుందో తెలీదండీ అనేవాళ్ల గొంతు ఆయనకి బాగా తెలుసు. తన నోట్లోంచి వస్తుంటే విని తనే ఉలిక్కిపడ్డాడు.

ఆవిరి గోడ దగ్గరికి వెళ్లి, అరలో మూలనున్న కవరు తీసి, విప్పకుండా కౌంటరు మీద పెట్టాడు. "ఇం" అని రాసున్న కవరు.

"మాస్టారి కోటు లోపలి జేబులో దొరికింది. అంటించింది నేనే. లోపల ఏముందో నాకు తెలుసు. అప్పటినుంచి ఎవరికీ చెప్పలేదు."

చివరి మాట మెల్లిగానే అన్నాడు. అది మాత్రం మాస్టారికి ఇస్త్రీపెట్టెలా తగిలింది.

"పొరపాటున కలిసిపోయిందన్నారే," అంది కౌంటరమ్మ.

"అదీ... అప్పుడు గుర్తులేక..."

"ఇప్పుడు గుర్తొచ్చిందా? అయితే పద్ధతి ప్రకారం కానిద్దాం. కవరులో ఏముందో చెప్పండి."

మాస్టారు బావమరిది వైపు చూశాడు. వాడు కాలిన కోటులో తల దూర్చేసి చూస్తున్నాడు. బయట వీధిలోకి చూశాడు. ఒక్క గిరాకీ కూడా రాలేదు. రావాల్సినప్పుడు రారు కదా!

"బ్యాంకు కార్డు," అన్నాడు.

"ఏ బ్యాంకు?"

చెప్పాడు.

"ఎంతుంది?"

"కార్డులో ఎంతుంటుందే, ప్లాస్టిక్కు..."

"ఏమండీ."

చెప్పాడు. ఈయన చిల్లర వదిలేశాడు. కౌంటరమ్మ చిల్లర కూడా అడిగింది. అదీ చెప్పాడు.

"దేనికి దాచారు?"

"అవసరానికి."

"ముసలావిడ కారుతుంటే అవసరం రాలేదా? హోటలువాడు ముక్కు మూసుకున్నప్పుడు రాలేదా? ఇతను జీతం అడిగినప్పుడల్లా రాలేదా?"

"ప్రతిసారీ, ఇంతకంటే పెద్ద అవసరం వస్తుందేమోనని అనుమానం వచ్చిందే," అన్నాడు మాస్టారు. ఆ పూట ఆయన అన్నవాటిలో శ్లేష లేని మొదటి మాట అదే.

కౌంటరమ్మ కవరు చింపి కార్డు ఆయన చేతిలో పెట్టింది. ఆయన తన పాత ఫోను తనే తీశాడు. తన నంబరు తనే కొట్టాడు. చక్రం తిరిగింది, ఒక ఖాతా వచ్చింది. ఈసారి బొత్తాం దగ్గర వేలు ఆపి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల ఊపాక నొక్కాడు. మూడూ ఒకటీ కలిశాక కింద పచ్చరంగు మళ్లీ వచ్చింది, ఇదివరకటంత నిండుగా కాదు. అనుకున్న మెషీను రాదు. దానికంటే చిన్నది వస్తుంది. హోటలుకి సరిపోతుంది.

"జీతం?" అన్నాడు ఆవిరి.

"పెంచుతాం," అంది కౌంటరమ్మ, మాస్టారు గొంతు సవరించుకునే లోపు.

ఆవిరి రేపు ఉదయం థియేటరు వీధికి వెళ్లి ఖాతాకి తన సొంత నంబరు ఇచ్చుకుంటానన్నాడు. "మీమీద నమ్మకం లేక కాదమ్మా," అని ఆవిడతో అని, మాస్టారితో ఏమీ అనకుండా లోపలికి వెళ్లాడు. చాలాసేపటి తర్వాత మళ్లీ బుస్సుమన్నాడు.

బావమరిది కౌంటరు మీద మోచేతులు పెట్టుకుని తన తెర తెరిచి కూర్చున్నాడు. పేర్ల వరస తిరిగి పెట్టాడు. టిక్కులన్నీ ఖాళీ చేశాడు. "రెండు తెరలవుతాయి," అని గొణుక్కున్నాడు. "మా మేనేజరు ఒప్పుకోడు."

"ఒప్పుకోకపోతే ఆయన కోటు ఇక్కడికి తీసుకురా," అన్నాడు మాస్టారు. "ఆవిరి చేత పట్టిద్దాం. ఊరికే."

వాడు పడవ ఆకారం వీపున వేసుకుని వెళ్లిపోయాక, కౌంటరమ్మ మళ్లీ సూది తీసింది. కార్డు ఇప్పుడు ఆవిడ కొంగున ముడిపడి ఉంది. మాస్టారు ముసలావిడ కింద కారినది తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ ఆగి, నెమ్మదిగా ఎడమకన్ను మూశాడు.

"ఏమే, నీకు ఇంకో నంబరు ఏమైనా ఉందా?"

కౌంటరమ్మ దారం పళ్లతో కొరికి, తల ఎత్తకుండా అంది.

"ఉంటే అందులో ఎంతుందో చెప్పండి. మీకే ఇచ్చేస్తా."